ముందు ఎవరు చాలంటారు

మా ముర్యాతి అక్క పక్కన విందులో చోటు దొరికిందంటే అదృష్టమే. ఆవిడ పిట్టలా నాలుగు మెతుకులు ఏరుకుని, మిగతాదంతా పక్కవాళ్ళ ఆకులోకి నెట్టేస్తుంది. చిన్నప్పుడు ఆ చోటు కోసం నేనూ మా అన్నయ్యా జుట్లు పట్టుకునేవాళ్ళం. గెలిచినవాడికి రెండు కోడిముక్కలు దక్కేవి, ఓడినవాడికి మా అమ్మ తిట్లు దక్కేవి.

అక్క అంటే సొంత అక్క కాదు, మా పెద్దమ్మ కూతురు. జావా దీవిలో, సోలో నగరంలో, కెమ్లాయన్ పేటలో ఆవిడ ఇల్లు, రెండు గుమ్మాల అవతల మాది. పెళ్ళికూతుళ్ళు తొడుక్కునే లేసు రవికల్ని మేం కెబాయా అంటాం. అవి కుట్టడం ఆవిడ పని. మొగుడు పోయాక కుట్టుమిషను తొక్కి కూతురు వెనింగ్‌ని నర్సు చదివించింది. మనిషి సన్నం, గొంతు అంతకన్నా సన్నం. ఎవరినీ ఏ విషయంలోనూ కాదన్న పాపాన పోలేదు. ఎల్లుండి పెళ్ళి పెట్టుకుని ఇవాళ గుడ్డ తెచ్చినవాళ్ళకు కూడా "అలాగేనమ్మా, చూద్దాం" అని నవ్వుతూ చెబుతుంది. వాళ్ళు గడప దాటాక మిషను ముందు కూర్చుని ఏడుస్తుంది. రవిక మాత్రం ఇచ్చేస్తుంది.

అలాంటి మనిషి రెండు రోజులపాటు మా ఊళ్ళో ఉన్న బళ్ళన్నీ, పాకలన్నీ, హోటళ్ళన్నీ తిరిగి, నేను తినగలిగిన దానికి మూడింతలు తినడం నా కళ్ళతో నేను చూశాను. చూడక తప్పలేదు, కారు నడిపింది నేనే. నా పేరు సుగెంగ్, అద్దె కారు నాది.

సంగతేమిటంటే, వెనింగ్ సముద్రం అవతల మెడాన్‌లో ఒక ఆసుపత్రిలో పని చేస్తోంది. అక్కడే రక్తపరీక్షల గదిలో బిన్సార్ అనే కుర్రాడున్నాడు. బతక్ జాతివాళ్ళ పిల్లవాడు, వాళ్ళ భాష వేరు, తీరు వేరు. ఇద్దరూ ఒకే చర్చిలో పాడతారు కాబట్టి మతం పేచీ లేదు. పిల్లలు ఇష్టపడ్డారు. అబ్బాయి తల్లి మాత్రం ఒక మెలిక పెట్టింది. ఆవిడ పేరు తియుర్మా, అక్కడ టైర్ల దుకాణం నడుపుతుంది. ఫోనులో అక్కతో ఏమందంటే, "మీ అమ్మాయిని చూశాను, బాగానే ఉంది. ఇక మిమ్మల్ని చూడాలి. ఇంట్లో కూర్చోబెట్టి టీ, బిస్కట్లు ఇస్తే మనిషేం తెలుస్తుంది? పక్కపక్కన కూర్చుని తింటే తెలుస్తుంది. రెండు రోజులు వస్తాను. మీ ఊరి తిండి గొప్ప తిండట కదా, అన్నీ తినిపించండి. వెళ్ళేటప్పుడు అవునో కాదో మొహం మీదే చెప్పేస్తాను."

మొహం మీద చెప్పేస్తాననే మాట విన్న రోజు నుంచి అక్కకు నిద్ర లేదు. పిల్ల మనసు పడింది, కాబట్టి ఆవిడ అవునని తీరాలి. ఇంకో దిగులు కూడా ఉంది. సముద్రం అవతల, గట్టిగా మాట్లాడే ఇంట్లో, తనలాగే నోరు లేని పిల్ల ఎలా బతుకుతుందో అని. ఆ సంగతి కూడా ఈ రెండు రోజుల్లోనే తేలాలి.

తర్వాతెప్పుడో తెలిసిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీకు నవ్వు రాదు. మా జావావాళ్ళకు పెద్దలు నేర్పిన మర్యాద ఒకటుంది. అతిథి తింటుండగా ఇంటివాళ్ళు చెయ్యి తీయకూడదు. తీస్తే, ఇక చాలించమని చెప్పినట్టు. అతిథి ఆకు ఖాళీ అయితే నింపాలి, నింపి తామూ తినాలి. తియుర్మాగారి ఇంట్లో పెద్దలు నేర్పిన మర్యాద ఇంకొకటి. ఎదుట పెట్టింది వదిలితే పెట్టిన చేతిని అవమానించినట్టు. ఆకు నిండితే ఖాళీ చేయాలి. ఒకావిడ ఖాళీ చేస్తే ఇంకొకావిడ నింపుతుంది, ఒకావిడ నింపితే ఇంకొకావిడ ఖాళీ చేస్తుంది. అసలు ఇలాంటి చోట తియుర్మాగారు "చాలమ్మా" అని అరిచే మనిషే. కొడుకు ఆవిడ నోరు కట్టేసి పంపించాడు. "అమ్మా, సోలోవాళ్ళు చాలా సున్నితం. వద్దు, చాలు అనే మాటలు అనకు. నొచ్చుకుంటారు." ఇటు వెనింగ్ తల్లికి ఫోను చేసి చెప్పింది. "వాళ్ళు మనలా దాచుకోరమ్మా. కడుపు నిండితే నిండిందని వాళ్ళే చెబుతారు. వాళ్ళు చెప్పేదాకా నువ్వు ఆపకు." రెండూ మంచి సలహాలే. రెండూ కలిసి ఇద్దరు తల్లుల ప్రాణాల మీదికి తెచ్చాయి.

తియుర్మాగారు విమానం దిగి వచ్చేసరికి పొద్దున్న ఎండ ఇంకా ముదరలేదు. పొడవైన మనిషి, వెడల్పు భుజాలు, కాటుక, ఎర్రటి సంచి. నా కారు డిక్కీ తనే తెరిచి, పెట్టె తనే పడేసి, "నువ్వేనా సుగెంగ్? టైర్లు అరిగిపోయాయి చూసుకోవా?" అంది. నాకు ఆవిడ అప్పుడే నచ్చింది.

మొదటి మజిలీ కొబ్బరిపాల అన్నం అమ్మే ముసలమ్మ దగ్గర. బాట పక్కన చాప పరుచుకుని కూర్చోవడం, అరటాకు దొన్నెలో అన్నం, పైన సీమవంకాయ కూర, కోడి పీలికలు, గడ్డకట్టిన కొబ్బరి మీగడ. అక్క పట్టుచీర లాంటి బాతిక్ కట్టు కట్టి, నడుముకు బారెడు పట్టీ బిగించి చుట్టుకుని వచ్చింది. ముగ్గురం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాం. ఆమెన్ అనగానే అక్క మొదలుపెట్టింది.

"ఏమీ అనుకోకండి, మా ఊళ్ళో తినడానికేమీ ఉండదు. ఏదో గడ్డీ గాదం."

తియుర్మాగారు నిండుగా ఉన్న నాలుగు గంగాళాల వైపు ఒకసారి చూసింది.  దొన్నె అందుకుని చకచకా ఊడ్చేసింది. అక్క కళ్ళు మెరిశాయి. ముసలమ్మకు సైగ చేసింది. రెండో దొన్నె వచ్చింది. అక్క తన దొన్నెలో పిడికెడు తిని ఆగబోయి, అతిథి ఇంకా తింటోందని గుర్తొచ్చి మళ్ళీ చెయ్యి పెట్టింది. నేను ఒక దొన్నెతో లేచి, కారు దగ్గర బీడీ ముట్టించుకున్నాను. డ్రైవరుకు ఈ మర్యాదలేవీ వర్తించవు. ఆ ఉద్యోగంలో ఉన్న ఒకే ఒక సుఖం అది.

నా బీడీ అయిపోయి వెనక్కి వచ్చేసరికి వాళ్ళ పక్కన దొన్నెలు దొంతరగా ఉన్నాయి. ముసలమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "వీళ్ళు ఎక్కడినుంచి నడిచొచ్చారు నాయనా?" అని జాలిగా అడిగింది.

అక్కడినుంచి పెద్ద బజారు. అక్కడ చల్లని కొబ్బరిపాలలో సబ్జా గింజలు, ఆకుపచ్చ సేమ్యా, నల్ల బియ్యం పాయసం కలిపి గిన్నెల్లో పోస్తారు. సన్నటి దారిలో అందరి మోచేతులూ తగులుతూ నిలబడి తాగాలి. తియుర్మాగారు గిన్నె ఎత్తి దించకుండా తాగేసి మూతి తుడుచుకుంది.

"బాగుంది. మీ ఊళ్ళో అన్నీ తియ్యగానే ఉంటాయా?"

"మీకు తీపి పడదా?" అక్క గొంతులో భయం.

"పడదని ఎవరన్నారు? పడుతుంది. పడింది." ఆవిడ సంచిలోంచి చిన్న సీసా తీసి చూపించింది. "ఇది మా కొండ మిరియం పచ్చడి. నాలుక మొద్దుబారితే కాస్త నాకుతా, మళ్ళీ లేస్తుంది."

అక్కకు ఆ మాటల్లో వినిపించింది ఒక్కటే, ఈవిడకు ఇంకా కావాలి అని. ఇంకో గిన్నె చెప్పింది. తనకూ చెప్పింది.

మధ్యాహ్నం హోటల్లో బంగాళాదుంప, బీన్సు, మాంసం, తియ్యటి పులుసు కలిపి పళ్ళెంలో వడ్డించే తెల్లదొరల కాలంనాటి వంటకం. సాయంత్రం బొగ్గుల మీద మూకుళ్ళలో పోసే కొబ్బరిపాల అట్లు. అంచు కరకర, మధ్యలో మీగడ. అవి అరటాకులో చుట్టి పది ఒక్కసారే ఇస్తారు. వాసనకే ఊరు ఊరంతా ఆ వీధిలో తిరుగుతుంది. మామూలుగా అయితే అక్క ఒక అట్టు అంచు తుంచుకుని, మిగతాది నాకిచ్చేది. ఆ రోజు తియుర్మాగారితో పోటీగా అట్టు మీద అట్టు మింగుతూ, మధ్యమధ్య నవ్వుతూ, "తీసుకోండి, ఇది చిన్నది, ఇది అసలు లెక్కలోకే రాదు" అంటోంది. తియుర్మాగారు ఆ చిన్నదాన్ని చూసిన చూపు నాకు గుర్తుంది. మా పిల్లలు ఆముదం చెంచాను అలా చూసేవాళ్ళు. అయినా తీసుకుంది. తీసుకుందని అక్క ఇంకొకటి వేసింది.

ఆవిడను బసలో దింపి వస్తుంటే కారులో అక్క సీట్లో వెనక్కి వాలిపోయింది. నడుము పట్టీ రెండు చుట్లు వదులు చేసుకుని, కళ్ళు మూసుకుంది.

"తమ్ముడూ, గుంతలు చూసి నడుపు. ఊపితే నా వల్ల కాదు."

"అంత తినకపోతే ఏమయ్యింది?"

"ఆవిడ తింటుంటే నేనెలా ఆపనురా? ముఖం చెల్లుతుందా?" గొంతు తగ్గించింది. "ఆవిడ తిండి చూశావా? అది మనిషి తిండేనా? ఒక్క అత్తగారే ఇలా తింటే, మామ, మరుదులు, చుట్టాలు... నా పిల్ల జన్మంతా పొయ్యి దగ్గరే తెల్లారిపోతుంది. నర్సు ఉద్యోగం కూడా మాన్పించేస్తారేమో."

"మరి వద్దని చెప్పెయ్యి."

"వద్దని ఎలా చెబుతాం?" అని నన్నే ఎదురు అడిగింది. నిజమే, మా ఇంట్లో అది ఎవరికీ చేతకాదు.

మర్నాడు పొద్దున్నే తియుర్మాగారిని ఎక్కించుకోవడానికి వెళ్ళాను. ఆవిడ మెరూన్ రంగు లేసు కెబాయా తొడుక్కుని, మెట్లు ఒక్కొక్కటే ఆలోచించి దిగుతోంది. కళ్ళ కింద నల్లటి చారలు. ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, నా వైపు తిరిగింది.

"సుగెంగ్, దాచకుండా చెప్పు. మీ అక్కకేమైనా జబ్బుందా?"

"ఎందుకండీ?"

"చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంది. అదంతా ఎక్కడికి పోతోందయ్యా? నా పెనిమిటి లారీ తోలేవాడు, వాడు కూడా అంత తినగా చూడలేదు. ఆ పిల్లకూ ఇదే వంశమా?"

నాలుక చివరిదాకా వచ్చింది, మా అక్క పిట్టతిండి మనిషని. మింగేశాను. వియ్యాలవారి మధ్య మాటలు మోసినవాడు ఎప్పుడూ బాగుపడలేదని మా అమ్మ చెప్పేది. పైగా, ఈవిడ నిజంగానే తిండిపుష్టి గల మనిషని నేనూ నమ్మాను.

"మీరొచ్చిన సంతోషం అండీ. సంతోషంలో ఆకలి ఎక్కువవుతుంది మా అక్కకి."

ఆవిడ దీర్ఘంగా నిట్టూర్చింది. "అయితే సరే. ఆ సంతోషం చెడగొట్టడం నాకెందుకు" అని సీటు బెల్టు పెట్టుకోబోయి, మానేసింది.

అలా రెండో రోజు నిప్పు ఎగదోసినవాడిని నేనే. పొద్దున్న చిలగడదుంప ఆకు, చింతపండు ఉల్లి కారం. దాని వెనకే చేగోడీల్లా కరకరలాడే సోయా వడలు. ఆ తర్వాత కోడి పేగుల చారు. ఎక్కడికక్కడ అమ్మేవాళ్ళు వీళ్ళ తిండి చూసి ముచ్చటపడి, కొసరు ఊరికే వేస్తున్నారు. అది మా వాళ్ళకు ఊరట కలిగించే విషయమేం కాదు. ఒక పాకలో వంటాయన దండం పెట్టి, "మీలాంటి వాళ్ళు రోజుకొకరు వస్తే చాలు తల్లీ" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని బలహీనంగా నవ్వారు. ఆ నవ్వు చూసి నేను, ఇద్దరికీ దోస్తీ కుదిరింది, పెళ్ళి ఖాయం అనుకున్నాను. నా తెలివి అంతటిది.

విమానం సాయంత్రం. మధ్యాహ్నానికి ఒక్క మజిలీ మిగిలింది, బట్టల బజారు గోడ పక్కన మేక ఎముకల పులుసు. మా ఊరికి వచ్చినవాళ్ళు అది తినకుండా వెళ్ళడం జరగదు. పెద్ద డేగిసాలో పసుపు పచ్చటి పులుసు కుతకుతలాడుతుంటుంది. దొన్నెలో గుట్టగా ఎముకలు పోస్తారు. చేత్తో పట్టి మాంసం కొరుక్కోవాలి, చివర నోట పెట్టి మూలుగ పీల్చాలి. రెండు చేతులకూ మోచేతుల దాకా పులుసు కారాల్సిందే. బల్ల చెక్క మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నేను ఎదురుగా.

ప్రార్థన అయింది. ఈసారి ఆ ప్రార్థన కాస్త పొడవుగా సాగింది, ఇద్దరికీ కళ్ళు తెరవాలని లేదు.

తియుర్మాగారు మొదటి దొన్నె పూర్తి చేసింది. అక్క రెండోది జరిపింది. ఆవిడ ఒక పెద్ద ఎముక అందుకుని, రెండు చేతులూ పైకెత్తి, తల వెనక్కి వంచి మూలుగ పీలుస్తోంది. అక్క తన ఎముక నోటి దగ్గర పెట్టుకున్నదల్లా అలాగే ఆగిపోయింది. అక్క కళ్ళు అతిథి చంక కింద కెబాయా కుట్టు మీద ఉన్నాయి.

నాకేమీ కనిపించలేదు. అక్కకు కనిపించింది. మిషను కుట్టు జానెడు మేర ఊడదీసి ఉంది. లోపల మడిచిన గుడ్డంతా బయటికి లాగి, మళ్ళీ చేత్తో కుట్టుకుంది. మెరూన్ గుడ్డ మీద తెల్ల దారం, బసలో గదికి ఒకటి పెట్టే సూదీ దారం పొట్లంలోది. కుట్లు వంకరటింకర, అవీ బిగిసి తెగడానికి సిద్ధంగా ఉన్నాయి. కుట్టుపని రాని మనిషి, మసక దీపం కింద, ఊపిరాడక కుట్టుకున్న కుట్టు.

అక్క తర్వాత నాతో అంది. "అలవాటుగా అంత తినే మనిషైతే వదులు బట్టలే తెచ్చుకుంటుంది కదరా. ఆవిడ తన కొలతకు కుట్టించుకున్న రవిక తెచ్చుకుంది. రాత్రి దాన్ని విప్పుకుని వదులు చేసుకుంది. అంటే నిన్న నేను పెట్టిందంతా ఆవిడ కష్టపడి తిన్నదే."

 అప్పుడు మాత్రం అక్క ఎముక దొన్నెలో పెట్టింది. దొన్నెను రెండు చేతులతో ముందుకు జరిపింది. 

"నాకు చాలు" అంది. "నేనింక తినలేను."

అతిథి నోట్లో ఎముక ఉండగా, ఇంటావిడ చెయ్యి తీసేసింది. మా పెద్దమ్మ బతికి ఉంటే ఆ క్షణాన గుండె ఆగి పోయేది.  ఇక అయిపోయింది, సంబంధం చెడింది అనుకున్నాను. అక్క మొహం తెల్లబోయింది, అయినా చెయ్యి మళ్ళీ పెట్టలేదు.

తియుర్మాగారు ఎముకను మెల్లగా దించింది. అక్కను చూసింది, దొన్నెను చూసింది, మళ్ళీ అక్కను చూసింది.

"ఈ మాట నిన్న పొద్దున్నే అనడానికి మీకు నోరు రాలేదా?" అంది. ఆ గొంతుకు పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. "కొబ్బరన్నం దగ్గరే నా పని అయిపోయింది తల్లీ. అట్ల దగ్గర ప్రాణం పోతుందనుకున్నా. రాత్రంతా కూర్చునే ఉన్నా, పడుకుంటే అట్లు పైకొస్తున్నాయి."

"మరి మీరు చాలనలేదు..."

"మావాడు అనొద్దన్నాడు. మీరు నొచ్చుకుంటారన్నాడు. మీరెందుకు ఆపలేదు?"

"మీరు తింటుంటే నేనెలా ఆపుతాను? మీకు చాలితే మీరే చెబుతారని మా పిల్ల..."

 తియుర్మాగారి భుజాలు కదలడం మొదలైంది. నవ్వు లోపలినుంచి వస్తోంది కానీ కడుపులో దానికి చోటు లేదు. "నవ్వించకండి, కుట్టు పోతుంది" అంటూ రెండు పక్కలూ పట్టుకుంది. అక్క నవ్వితే చప్పుడు రాదు, కళ్ళ నీళ్ళు కారతాయి. పులుసు చేతులతో తుడుచుకోబోయి కళ్ళు మండి ఇంకా ఏడ్చింది. పులుసు వడ్డించే ఆవిడ పరుగున వచ్చి కారం ఎక్కువైందా అని అడిగింది. కాదని నేనే చెయ్యి ఊపాను.

అంతలో పటుక్కుమంది. తెల్ల దారం ఇక ఓర్చుకోలేకపోయింది.

అక్క చేతులు కడుక్కుని వచ్చి, తన రవిక అంచుకు గుచ్చి ఉన్న సూది తీసింది. సంచిలో దారం ఎప్పుడూ ఉంటుంది. "ఇటు తిరిగి చెయ్యెత్తండి. సుగెంగ్, నువ్వు అటు చూడు" అంది. నేను బజారు గోడను చూస్తూ కూర్చున్నాను. వెనక మాటలు వినిపిస్తున్నాయి. అవసరం లేని మర్యాదలన్నీ పోయాక ఇద్దరి గొంతులూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"ఎవరు కుట్టారు ఈ కెబాయా? చంక దగ్గర గుడ్డ దొంగిలించారు."

"మా వీధిలో ఒకడు. వాణ్ణి చూసుకుంటా, వెళ్ళనివ్వండి." తియుర్మాగారి గొంతు మారింది. "ఒకటి అడుగుతా, దాచకుండా చెప్పండి. మీరు మామూలుగా ఎంత తింటారు?"

"గుప్పెడు."

"మీ అమ్మాయి?"

అక్క సూది ఆగిందనుకుంటా. "అదీ అంతే. చిన్నప్పటినుంచీ నా పోలికే."

"అయ్యో దేవుడా" అంది తియుర్మాగారు. ఈసారి ఆ గొంతులో నవ్వు లేదు. "ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఇంటికొస్తుంది. నేను మూడుసార్లు వడ్డిస్తా, మూడుసార్లూ తినేస్తుంది. చివరి మెతుకు దాకా. నా వంటంటే పిల్లకు ప్రాణమని వీధంతా చెప్పుకుని తిరిగాను. ఏడాదినుంచి నా కోడలు నా ఇంట్లో..." మాట అక్కడ ఆపేసి, "సుగెంగ్, నా సంచిలో ఫోనుంది, ఇలా తే" అంది.

ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా నొక్కింది. అవతల వెనింగ్ ఎత్తింది. అమ్మ, అత్త పక్కపక్కన ఉన్నారని తెలిసి ఆ పిల్ల ముందు ఇద్దరి ఆరోగ్యాలూ అడిగింది.

"వెనింగ్, ఒక్క ప్రశ్న. మా ఇంట్లో ఆదివారం మూడోసారి వడ్డిస్తాను చూడు, అది ఇష్టంగానే తింటున్నావా?"

"చాలా బాగుంటుందమ్మా. మీరేం చేసినా..."

"నేను రుచి అడగలేదు. కడుపు సంగతి అడిగాను."

అవతల నిశ్శబ్దం. ఆసుపత్రిలో ఎవరో బండి తోసుకెళ్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు, మా ఇళ్ళలో పెరిగిన పిల్లలందరి గొంతులోనూ అది ఉంటుంది. అక్క ఫోను మీదికి వంగింది.

"చెప్పు తల్లీ. చెప్పొచ్చు. ఇప్పుడే నేనూ చెప్పాను."

"నువ్వా?" అంది వెనింగ్. నమ్మలేకపోయింది పాపం. "నువ్వు చెప్పావా అమ్మా? ఏమని?"

"చాలని. ఆవిడ తింటుండగానే."

 వెనింగ్ చిన్న గొంతుతో, పరీక్ష తప్పిన పిల్లలా చెప్పింది. "రెండోసారికే నిండిపోతుందమ్మా. మూడోది... ఇంటికెళ్ళే దాకా ఓర్చుకుంటాను."

తియుర్మాగారు రుమాలుతో మొహం తుడుచుకుంది. "పిచ్చిదానా, వచ్చే ఆదివారం నుంచి రెండోసారికి పళ్ళెం పక్కన పెట్టేస్తావు. నేను గరిటె పట్టుకుని మీదికొచ్చినా సరే, చాలనాలి. పెళ్ళయ్యాక కూడా అంతే. నా ఇంట్లో నా కోడలు కడుపు నొప్పితో నవ్వుతూ కూర్చోవడానికి వీల్లేదు. వినపడిందా?"

"అలాగేనమ్మా" అంది వెనింగ్.

"అలాగే కాదు. ఒకసారి అని చూపించు."

"చాలు" అంది ఆ పిల్ల, సముద్రం అవతలినుంచి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఫోను పెట్టేశాక అక్క కదలకుండా కూర్చుంది. రెండు రోజులుగా తను ఎదురు చూసిన జవాబు 'పెళ్ళయ్యాక' అనే మాటలో, ఇలా ఎముకల మధ్య, గరిటె బెదిరింపులో కలిసి వచ్చింది. మొహం మీద చెబుతానన్న మనిషి చెప్పినట్టు కూడా అనిపించకుండా చెప్పేసింది. ఆ ఇంట్లో తన పిల్ల ఎలా బతుకుతుందో కూడా అదే మాటలో ఉంది. అక్క మొహంలో అంత సంతోషం వెనింగ్ నర్సు ఉద్యోగం కొట్టిన రోజున కూడా నేను చూడలేదు.

"ఏదా" అంది తియుర్మాగారు, అక్క మోకాలి మీద తట్టి. వాళ్ళ భాషలో వదినను అలా పిలుస్తారట. "ఇక లేద్దామా? నాకు టీ నీళ్ళు తప్ప ఏమీ వద్దు. చూశావా, ఎంత సులువుగా అనేశానో."

అక్క తన దొన్నె వైపు చూసింది.  తర్వాత కాస్త సిగ్గుపడుతూ అంది. "వదినగారూ, ఏమీ అనుకోరు కదా. నాకిప్పుడు నిజంగా ఆకలేస్తోంది."

తియుర్మాగారు గుండె మీద చెయ్యి వేసుకుని కొద్దిగా వెనక్కి జరిగింది. "నువ్వు తిను. నేను కూర్చుని చూస్తాను" అంది.

అక్క దొన్నె దగ్గరికి లాక్కుని, ఎముక రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని మూలుగ పీల్చింది. ఎవరి కోసమూ కాదు, తొందర లేదు. రెండు రోజుల్లో ఆవిడ నాలుకకు రుచి తెలిసింది అప్పుడేనట. మా ఊళ్ళో అతిథి ఖాళీ చేతులతో కూర్చుని ఉండగా ఇంటావిడ తినడం నేను చూసింది ఆ ఒక్కసారే. తియుర్మాగారు అక్క తింటున్నంతసేపూ ఎండ పడకుండా తన ఎర్ర సంచి ఆవిడ తలకు అడ్డం పట్టుకుని కూర్చుంది.